14 నెలల్లో రెండోసారి హెడ్ ప్యాకింగ్ పోయింది, ఈసారి ఏమేం చూసుకుని కట్టించాలి?

నరసరావుపేట లారీ

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట. బండి 2002లో నాన్న కొన్న టాటా 1613, ఆరు టైర్లది, 697 టర్బో ఇంజన్. నాన్న పోయాక తొమ్మిదేళ్లుగా ఓనర్నీ నేనే, డ్రైవర్నీ నేనే. ఎండాకాలం అంతా మిర్చి తోలతాను. మిగతా రోజుల్లో ధాన్యం, ఎరువులు, ఏది దొరికితే అది.

పోయిన ఆదివారం మాచర్ల వైపు నుంచి గుంటూరు కోల్డ్ స్టోరేజీకి మిర్చి బస్తాలు ఎత్తుకుని వస్తున్నాను. మధ్యాహ్నం రెండు దాటింది. పిడుగురాళ్ల దాటాక టెంపరేచర్ ముల్లు ఎక్కడం మొదలైంది. ఎర్ర గీత దాకా వెళ్లింది. బండి పక్కకు తీసేలోపే ఒక్కసారిగా కిందికి పడిపోయింది. హమ్మయ్య, తగ్గింది అనుకుని ఇంకో రెండు కిలోమీటర్లు నడిపాను. అప్పుడు క్యాబిన్‌లోకి ఆవిరి వాసన వచ్చింది. ఆపి ఇంజన్ మూత ఎత్తి చూస్తే రేడియేటర్ పై పైపు రాయిలా బిగుసుకుని ఉంది.

గంటన్నర ఆగి, పైపు మెత్తబడ్డాకే మూత తీశాను. 14 లీటర్ల దాకా నీళ్లు పట్టాయి. సత్తెనపల్లి వచ్చేసరికి ఇంకో 4 లీటర్లు. కింద ఎక్కడా చుక్క కారడం లేదు. గుంటూరులో లోడు దింపి, రాత్రి చల్లబడ్డాక 30 స్పీడులో ఇంటికి తెచ్చాను.

మర్నాడు ఉదయం ఇంజన్ చల్లగా ఉండగా రేడియేటర్ మెడ దాకా నీళ్లు నింపి, మూత పెట్టకుండా స్టార్ట్ చేయించాను. క్లీనర్ కుర్రాడు సీట్లో, నేను రేడియేటర్ దగ్గర. అర నిమిషంలోపే బుడగలు వచ్చాయి. ఎసరు మరిగినట్టు పెద్దవి కావు. సోడా సీసాలో లాగా సన్నగా, ఆగకుండా. రేస్ ఇస్తే నీళ్లు మెడ దాటి పొర్లాయి. పైపు ముట్టుకుంటే ఇంకా చల్లగానే ఉంది. స్టార్ట్ చేసిన మొదటి రెండు నిమిషాలు తెల్ల పొగ వచ్చి తర్వాత తగ్గింది. ఆయిల్ పుల్ల తీసి చూశాను, నల్లగానే ఉంది, నీళ్లు కలిస్తే వచ్చే మజ్జిగ రంగు లేదు.

ఇదే బండికి 14 నెలల కిందట హెడ్ ప్యాకింగ్, అంటే ఇంజన్ బ్లాకుకీ దాని పైన కూర్చునే హెడ్డుకీ మధ్య మంటనీ నీళ్లనీ కలవనివ్వకుండా వేసే పలక, మార్పించాను. రోడ్డు మీద ఆగిపోతే దగ్గరున్న షెడ్డులో ఒక్క రోజులో కట్టి ఇచ్చారు. ఇప్పుడు ఇద్దరికి చూపించాను. ఒకాయన "ప్యాకింగే, రేపు సాయంత్రానికి ఇచ్చేస్తా, 12 వేలు" అన్నాడు. ఇంకొకాయన "ఇంజన్ దింపాల్సిందే, లక్ష దాటుతుంది" అన్నాడు. సీజన్ నడుస్తోంది. 12 వేలకు కట్టించి మళ్లీ 14 నెలలకు ఇదే రోడ్డు మీద నిలబడాలని లేదు. అలాగని అవసరం లేకుండా లక్ష పెట్టే స్తోమతా లేదు. నాన్న చేతి బండి. పాతసామాన్ల వాళ్లకు తూకానికి వేసే ఆలోచన అసలే లేదు.

తెలిసిన వాళ్లు చెప్పండి. ఇది ప్యాకింగేనని ఖాయం చేసుకోవడం ఎలా? ప్యాకింగే అయితే ఈసారి దగ్గరుండి ఏమేం చూసుకోవాలి?

గాజువాక ట్రైలర్

తమ్ముడూ, హెడ్డు విప్పే ముందు ఒక పని చెయ్యి. నీ బండికి గాలి బ్రేకులు కదా. కంప్రెషర్ హెడ్డుకి నీళ్ల పైపులు ఉన్నాయేమో చూడు. నీళ్లతో చల్లబడే రకం అయితే, ఆ కంప్రెషర్ ప్యాకింగ్ పోయినా గాలి వచ్చి రేడియేటర్ నీళ్లలోనే కలుస్తుంది. బయటికి చూస్తే అచ్చం ఇంజన్ హెడ్ ప్యాకింగ్ పోయినట్టే ఉంటుంది. అవే బుడగలు, అదే పైపు బిగుసుకోవడం, అదే నీళ్లు తగ్గడం.

నా ట్రైలర్‌కి ఇలాగే అయింది. పోర్టు లోడు మీద ఉండగా వచ్చింది. హెడ్డు విప్పించాను, కొత్త ప్యాకింగ్ వేయించాను, స్టార్ట్ చేస్తే మళ్లీ బుడగలే. నాలుగు రోజులు బండి నిలబడింది. చివరికి ఒక పెద్దాయన వచ్చి కంప్రెషర్‌కి వెళ్లే రెండు నీళ్ల పైపులూ పీకి, ఇంజన్ వైపు కొసలు రెండింటినీ ఒక హోస్ ముక్కతో కలిపేశాడు. బుడగలు ఆగిపోయాయి.

ఆ పరీక్షకు పావుగంట చాలు. కంప్రెషర్‌కి ఆ కాసేపు నీళ్లుండవు కాబట్టి రెండు మూడు నిమిషాలకు మించి నడపకు. తెల్ల పొగ కూడా ఉందంటున్నావు కాబట్టి నీది ఇంజన్ ప్యాకింగే కావచ్చు. అయినా అనుమానం పెట్టుకుని హెడ్డు విప్పకు.

ఆటోనగర్ మేస్త్రీ, విజయవాడ

బాబూ, గాజువాక ఆయన చెప్పింది మొదట చెయ్యి. పెద్ద బండ్ల మీద చాలామంది మర్చిపోయే పాయింట్ అది.

అది కాదని తేలితే ఏ సిలిండర్‌దో పట్టుకో. నీది పాత మోడల్ డీజిల్ పంపు కాబట్టి వీలవుతుంది. ఇంజన్ స్లోలో పెట్టి, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ పైపు నట్టు ఒక్కోటీ వదులు చెయ్యి. ఆ సిలిండర్‌కి డీజిల్ పడదు, మంట ఉండదు, ఒత్తిడి బాగా పడిపోతుంది. ఏ నట్టు వదులు చేసినప్పుడు రేడియేటర్‌లో బుడగలు తగ్గుతాయో ఆ సిలిండర్ దగ్గరే దారి పడింది. నట్టు మీద మందపాటి గుడ్డ వెయ్యి. ముఖం, చెయ్యి దూరంగా పెట్టు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది. అది చిన్న దెబ్బ కాదు, చేతినే పోగొడుతుంది.

పొద్దున్నే స్టార్ట్ చేసేటప్పుడు సెల్ఫ్ ఒక్కసారిగా పట్టేసినట్టు అనిపిస్తే ఇంక కొట్టొద్దు. రాత్రంతా సిలిండర్‌లోకి నీళ్లు దిగి ఉంటాయి. నీళ్లు నలగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. నాజిళ్లు తీసి, ఇంజన్‌ని చేత్తో తిప్పి, నీళ్లు బయటికి పంపాకే మిగతా పని.

ముల్లు పడిపోయింది అన్నావే, అది నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాలి. టెంపరేచర్ సెన్సార్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపే సరిగా చూపిస్తుంది. నీళ్లు తగ్గి దాని చుట్టూ ఆవిరీ గాలీ చేరితే ముల్లు కిందికి వచ్చేస్తుంది. లోపల హెడ్డు మాత్రం కాలుతూనే ఉంటుంది. ఎర్ర గీత దగ్గరి ముల్లు నీ ప్రమేయం లేకుండా టక్కున పడిందంటే ఇంజన్ చల్లబడలేదు, నీళ్లు అయిపోయాయి. ఆ రెండు కిలోమీటర్లకే హెడ్డు వంగి ఉండొచ్చు.

ఇప్పుడు నేను అడిగేవాటికి జవాబు చెప్పు. పోయినసారి ప్యాకింగ్ ఎందుకు పోయిందో ఆ షెడ్డు వాళ్లు ఏమైనా చెప్పారా? హెడ్డు లేత్ షాపుకి పంపారా? థర్మోస్టాట్ ఉందా, తీసేశారా? బోల్టులు దేంతో బిగించారు? రేడియేటర్‌లో ఏ నీళ్లు పోస్తున్నావు? ఇవి తెలియకుండా 12 వేలా, లక్షా అని ఎవరూ చెప్పలేరు.

నరసరావుపేట లారీ

మేస్త్రీ గారూ, అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. ఈ రోజు రెండు పరీక్షలూ చేశాను.

కంప్రెషర్ పైపులు కలిపేసి చూశాను, బుడగలు అలాగే వస్తున్నాయి. పైపులు మళ్లీ యథావిధిగా బిగించి నాజిల్ నట్లు ఒక్కోటీ వదులు చేశాను. 1, 2, 3 దగ్గర తేడా లేదు. 4 దగ్గర వదులు చేయగానే బుడగలు దాదాపు ఆగాయి, బిగించగానే మళ్లీ మొదలు. మూడుసార్లు చేసి చూశాను, మూడుసార్లూ అంతే. 5, 6 దగ్గర తేడా లేదు.

మీరు అడిగినవి: పోయినసారి ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. హెడ్డు ఎక్కడికీ పంపలేదు. అక్కడే గీకి, గ్రైండర్‌కి ఎమరీ బిళ్ల పెట్టి మెరిసేలా రుద్దారు. బోల్టులు మామూలు రెంచికి ఇనుప పైపు తొడిగి ఇద్దరు పట్టుకుని బిగించారు. "ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది" అన్నారు. థర్మోస్టాట్ తీసి నా చేతిలో పెట్టి, "మన ఎండలకి ఇది అక్కర్లేదు, ఇది ఉంటేనే వేడెక్కుద్ది" అన్నారు. అది ఇంకా టూల్ బాక్సులోనే ఉంది. నీళ్లు మా ఇంటి బోరువే. కూలెంట్ ఎప్పుడూ పోయలేదు. రెండేళ్ల కిందట రేడియేటర్ కొంచెం కారితే పసుపు పోశాను, ఆగిపోయింది.

ఇవన్నీ వరసగా రాస్తుంటేనే నాకు ఒక్కోటీ అర్థమవుతోంది.

ఆటోనగర్ మేస్త్రీ, విజయవాడ

బాబూ, నీ ప్యాకింగ్ ఎందుకు పోయిందో నువ్వే రాసేశావు. ప్యాకింగ్ దానంతట అది పోదు. అడుగున ఏదో కారణం ఉంటేనే పోతుంది. ఆ కారణం అలాగే ఉంచి కొత్త ప్యాకింగ్ వేస్తే, దానికీ అదే గతి పడుతుంది.

మొదట థర్మోస్టాట్ సంగతి. "తీసేస్తే చల్లగా ఉంటుంది" అనే మాట వల్ల ఎన్ని ఇంజన్లు పాడయ్యాయో నేను కళ్లారా చూశాను. అది రెండు తలుపుల పని చేస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ దారి మూసి, బైపాస్ దారి తెరిచి ఉంచుతుంది. వేడెక్కాక రేడియేటర్ దారి తెరిచి, అడుగున ఉన్న రేకుతో బైపాస్ మూస్తుంది. నువ్వు దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. పంపు తోసిన వేడి నీళ్లలో ఒక పాయ రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి వచ్చేస్తుంది. ఖాళీ బండికి తెలియదు. లోడు మీద, ఎండలో, ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. టూల్ బాక్సులో ఉన్నదాన్ని గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటర్ పెట్టి కాచి చూడు. తెరుచుకోవాల్సిన వేడి ఎంతో దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. అక్కడికి తెరుచుకోకపోయినా, చల్లారాక మూసుకోకపోయినా కొత్తది కొను.

రెండోది ఎమరీ బిళ్ల. హెడ్డు అడుగు భాగం అద్దంలా సమంగా ఉండాలి. గ్రైండర్ ఎక్కడ రెండు సెకన్లు ఎక్కువ ఆగితే అక్కడ గుంట పడుతుంది. కంటికి కనపడదు, చేతికి తగలదు. మంటకి మాత్రం ఆ సందు చాలు. పైగా ఆ ఎమరీ పొడి ఆయిల్ దారుల్లోకి పోతే బేరింగులు తింటుంది. ఈసారి ఎవరు గ్రైండర్ తీసినా ఆపేయమను. ప్లాస్టిక్ లేదా గట్టి చెక్క గీకుడుతో, కొంచెం ఓపిక పట్టి శుభ్రం చేస్తే చాలు.

హెడ్డు దించాక కొలతలు నీ కళ్ల ముందు తీయించు. స్ట్రెయిట్ ఎడ్జ్ బద్దని హెడ్డు మీద నిలువుగా, అడ్డంగా, రెండు మూలల మధ్య ఏటవాలుగా పెట్టి, కింద ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూడాలి. 0.05 మిల్లీమీటర్ల రేకు ఎక్కడైనా సులువుగా దూరుతుంటే నేనైతే స్కిమ్మింగ్‌కి, అంటే లేత్ షాపులో పైపొర సన్నగా చెక్కి సమం చేయించడానికి, పంపుతాను. అసలు హద్దు ఎంతన్నది నీ ఇంజన్ మాన్యువల్ ప్రకారం పో. అంత పొడుగు హెడ్డు కాగితే ఎక్కువగా మధ్యలోనే లేస్తుంది. నీకు 4వ దగ్గర పోవడం చూస్తే నాకు అదే అనుమానం. బద్దని బ్లాకు మీద కూడా పెట్టాలి. హెడ్డు ఒక్కటీ చూసి బ్లాకుని వదిలేసే వాళ్లే ఎక్కువ. లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) అంచులు బ్లాకు కన్నా దిగి ఉన్నాయేమో వేలితో కాకుండా గేజ్‌తో చూడాలి.

స్కిమ్మింగ్‌కి ముందే హెడ్డుని ప్రెషర్ టెస్ట్ చేయించు. నీటి రంధ్రాలన్నీ మూసి, వేడి నీళ్లలో ముంచి, లోపలికి గాలి పెడతారు. వాల్వ్ సీట్ల మధ్య, నాజిల్ గుంట దగ్గర సన్నటి పగులు ఉంటే బుడగలు అక్కడ కనపడతాయి. పగులున్న హెడ్డుకి ఎంత మంచి ప్యాకింగ్ వేసినా ప్రయోజనం లేదు. స్కిమ్మింగ్ చేశాక వాల్వులు ఎంత లోతులో కూర్చున్నాయో, నాజిల్ మూతి ఎంత బయటికి వచ్చిందో కొలిపించు. హెడ్డు తగ్గిన కొద్దీ అవి పిస్టన్‌కి దగ్గరవుతాయి.

బోల్టుల దగ్గరికి వద్దాం. పైపు తొడిగి బిగించారంటే కొన్ని సాగిపోయి ఉంటాయి. అన్నీ వరసగా నిలబెట్టి చూడు. ఒకే కొలత బోల్టుల్లో ఏదైనా పొడుగ్గా ఉన్నా, మర చుట్ల (థ్రెడ్ల) దగ్గర నడుము సన్నబడినా ఆ సెట్టు మొత్తం మార్చు. బ్లాకులో బోల్టు రంధ్రాలు గాలి కొట్టించి పొడిగా చేయాలి. అడుగున నీళ్లో ఆయిలో నిలిచి ఉంటే బోల్టు దిగేటప్పుడు అవి తప్పుకునే చోటు ఉండదు. రెంచి బిగిసినట్టే చూపిస్తుంది, హెడ్డు మాత్రం బిగియదు. ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. మర చుట్లకీ, బోల్టు తల కిందా ఇంజన్ ఆయిల్ తడి పూయి, అంతే.

ప్యాకింగ్ మీద గమ్ము, గ్రీజు, సిలికాన్ ఏమీ పూయనివ్వకు. ఏ వైపు పైకి రావాలో దాని మీద రాసి ఉంటుంది. ఆయిల్ రంధ్రం బ్లాకు రంధ్రంతో కలిసిందో లేదో నువ్వే వంగి చూడు. బిగించడం మధ్య నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ కొసలకి పోవాలి. ఎంత బిగువు పడిందో అంకెల్లో చెప్పే టార్క్ రెంచితోనే. ఒక్కసారిగా కాదు, మాన్యువల్‌లో చెప్పిన అంకెకి మెట్లు మెట్లుగా. టార్క్ రెంచి లేని షెడ్డులో ఈ పని చేయించొద్దు. ఒక మనిషి చేతి బలం పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. రెంచి అలా కాదు.

సూర్యాపేట రేడియేటర్ వర్క్స్

అన్నా, నేను రేడియేటర్లు చేస్తా. హెడ్డు గురించి మేస్త్రీ గారు మొత్తం చెప్పిండ్రు, నేను రేడియేటర్ ముచ్చట ఒక్కటే చెప్తా.

బోరు నీళ్లు, పసుపు, రెండూ ఉన్నయంటే నీ రేడియేటర్‌ని బండి మీద ఉంచి పైపు పెట్టి కడిగితే సరిపోదు. దించాలి, పైన కింద ట్యాంకులు విప్పాలి, గొట్టాలల్ల సన్న ఊస పెట్టి తీయాలి. బోరు నీళ్లల్ల సున్నం ఉంటది. వేడెక్కినప్పుడల్లా అది కొంచెం కొంచెం గొట్టం లోపల అంటుకుంటది. ఇంట్ల గీజర్ రాడ్డుకి తెల్లగ పట్టేది చూస్తవ్ కదా, గదే. పసుపు పోస్తే అది కారే చోట ఎట్ల పోయి పట్టుకుంటదో, మంచిగున్న గొట్టాలల్ల కూడా అట్లనే పట్టుకుంటది. రోడ్డు మీద ఆగిపోయినప్పుడు ఇంటికి చేరనీకి పర్వాలేదు, కానీ ఇంటికి రాంగనే కడిగించాలె.

మూత కూడా చూపించు. మామూలుగ నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతయ్. మూత 0.5 బార్ ఒత్తిడి ఆపితే 111 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు పోతే ఆ 11 డిగ్రీలు పోయినట్టే. అందరు రేడియేటర్ చేయించుకుంటరు, పాత మూతే మళ్ల పెడతరు.

పంపుకి కారే దారి ఉందో, ఫ్యాన్ బెల్టు వదులుందో అది కూడా ఒకసారి చూడుండ్రి.

నరసరావుపేట లారీ

అందరికీ, హెడ్డు దించాం. గుంటూరు ఆటోనగర్‌లో టార్క్ రెంచి ఉన్న మేస్త్రీని వెతుక్కుని బండి అక్కడ పెట్టాను. రెండు రోజులుగా దగ్గరే కూర్చున్నాను.

పాత ప్యాకింగ్ తీసి వెలుతురులోకి పట్టుకుని చూశాను. 4వ సిలిండర్ చుట్టూ ఉన్న ఇనుప రింగు ఒక చోట, చిటికెన వేలి గోరంత మేర, నల్లగా కాలి తెగిపోయి ఉంది. అక్కడి నుంచి పక్కనున్న నీటి రంధ్రం దాకా సన్నటి మసి చార. హెడ్డు మీద కూడా అదే చోట అదే చార, ముగ్గు గీత అద్దంలో పడినట్టు. ఆ చారని వేలితో తుడిచినా పోలేదు, ఇనుములోకి దిగింది. ఇంత బండిని ఆపింది ఆ గోరంత తెగు.

బద్ద పెట్టి కొలిచారు. 3కీ 4కీ మధ్య 0.15 రేకు దూరింది. కొసల దగ్గర 0.05 కూడా దూరలేదు. మేస్త్రీ రేకు నా చేతికిచ్చి నన్నే దూర్చమన్నాడు. అది అలా జారిపోతుంటే, 14 నెలల కిందట ఈ రేకు ఒక్కసారి పెట్టి ఉంటే అనిపించి చాలా బాధేసింది. బ్లాకు సమంగానే ఉంది. లైనర్ అంచులు బాగానే ఉన్నాయి. సిలిండర్ల లోపల గీతలు లేవు, వాటిని కోసి బోరు చేయాల్సిన పని లేదన్నారు. లక్ష మాట పోయింది.

బోల్టుల్లో మూడు సాగి ఉన్నాయి. మొత్తం సెట్టు కొత్తది కొన్నాను.

రేడియేటర్ విప్పిస్తే గొట్టాల్లో మూడో వంతు మూసుకుపోయి ఉన్నాయి. ఊసతో తీస్తుంటే తెల్లటి పెంకులు, వాటి మధ్య పసుపు ముద్దలు. సూర్యాపేట అన్నా, మీరు చెప్పింది చెప్పినట్టే ఉంది. నేను పోసిన పసుపు నా కళ్ల ముందే బయటికి వచ్చింది. థర్మోస్టాట్ గిన్నెలో కాచాను, సగమే తెరుచుకుంది. కొత్తది తెచ్చాను.

హెడ్డు ప్రెషర్ టెస్టులో పగులు లేదు. స్కిమ్మింగ్‌కి 0.2 తీయాలంటున్నారు. మేస్త్రీ గారూ, అంత తీయొచ్చా? ఇంకొకటి, హెడ్డు కట్టాక మళ్లీ బిగించాలని కొందరు, అక్కర్లేదని కొందరు అంటున్నారు. ఏది నిజం?

ఆటోనగర్ మేస్త్రీ, విజయవాడ

బాబూ, మంచి పని చేశావు. పగులు లేకపోవడం నీ అదృష్టం.

0.15 వంపు పోవాలంటే 0.2 దాకా తీయక తప్పదు. అయితే హెడ్డు మందం ఇప్పుడెంత ఉంది, మాన్యువల్ ప్రకారం ఎంతకి తగ్గకూడదు, ఈ రెండు అంకెలూ లేత్ వాడి చేత కాగితం మీద రాయించు. ఇంతకుముందు ఎవరైనా తీసి ఉంటే లెక్క మారుతుంది. స్కిమ్మింగ్ చేశాక వాల్వులు పైకి వస్తే సీట్లు కోయించి సరైన లోతుకి దింపుతారు. నాజిల్ కింద వాషర్లు పాతవి మళ్లీ వేయొద్దు.

మళ్లీ బిగించడం ప్యాకింగ్ రకాన్ని బట్టి ఉంటుంది. పాత ఇంజన్లకు వచ్చే మెత్త రకం ప్యాకింగ్ వేడి తగిలాక కొంచెం అణుగుతుంది, కాబట్టి బోల్టుల పట్టు తగ్గుతుంది. ప్యాకింగ్ కవరు మీదో మాన్యువల్‌లోనో మళ్లీ బిగించమని ఉంటే తప్పకుండా చేయించు. ఎన్ని కిలోమీటర్లకి, వేడి మీదా చల్లారాకా అన్నది కూడా అందులోనే ఉంటుంది. అన్నీ ఒకేసారి వదులు చేయకూడదు. అదే వరసలో ఒక్కో బోల్టూ కొద్దిగా వదిలి, వెంటనే అంకెకి బిగించి, అప్పుడు తర్వాతి దానికి పోవాలి.

హెడ్డు బిగిసిన ప్రతిసారీ టాపెట్లు (వాల్వుల దగ్గర ఉంచే సందులు) మారతాయి, మళ్లీ పెట్టించు. నీ ఇంజన్ ఫైరింగ్ వరస, అంటే సిలిండర్లలో మంట పడే వరస, 1-5-3-6-2-4. కాబట్టి 6వ సిలిండర్ వాల్వులు రెండూ ఊగుతున్నప్పుడు, అంటే ఒకటి మూసుకుంటూ ఇంకోటి తెరుచుకునేటప్పుడు, 1వ దాని టాపెట్లు పెట్టాలి, 1 ఊగుతుంటే 6. అలాగే 5కి 2, 3కి 4 జత. చేసే మేస్త్రీకి ఇది తెలిసే ఉంటుంది, నువ్వు పక్కన నిలబడి చూడు, నీ బండి నీకు తెలియాలి.

ఆయిల్ రంగు మారకపోయినా ఆయిల్, ఫిల్టర్ మార్చేయ్. హెడ్డు దించేటప్పుడు బ్లాకులోని నీళ్లు ఎంతో కొంత కిందికి దిగుతాయి. కూలెంట్ పోసేటప్పుడు తొందరపడకు. మెల్లగా పోసి, మూత తీసే స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకుని పై పైపు వేడెక్కేదాకా ఉండు. లోపలి గాలి బయటికి వచ్చి మట్టం కిందికి దిగుతుంది, అప్పుడు మళ్లీ నింపు. కూలెంట్ కలపడానికి బోరు నీళ్లు వాడకు.

గాజువాక ట్రైలర్

తమ్ముడూ, మొదటి వారం సగం లోడే ఎత్తు. రోజూ పొద్దున్నే చల్ల ఇంజన్ మీద మూత తీసి మట్టం చూసి, ఒక చిన్న పుస్తకంలో రాసుకో. నీళ్లు తగ్గుతుంటే ముల్లు కన్నా ముందు ఆ పుస్తకమే చెప్తుంది.

నరసరావుపేట లారీ

బండి కట్టి ఇవాళ్టికి పదకొండు రోజులు. హెడ్డు 0.2 తీశారు, మందం హద్దు లోపలే ఉంది. కాగితం రాయించి తీసుకున్నాను. ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు రెండు కోయాల్సి వచ్చింది. ప్యాకింగ్ సెట్టు, బోల్టులు, స్కిమ్మింగ్, రేడియేటర్, థర్మోస్టాట్, మూత, కూలెంట్, ఆయిల్, లేబర్ అన్నీ కలిపి 41 వేలు అయింది. ఊళ్లో ఫైనాన్స్‌లో 20 వేలు తీసుకున్నాను, మిగతాది సీజన్ డబ్బు.

మొదటి స్టార్ట్ రాత్రి ఎనిమిదింటికి. మూత తీసి టార్చి వేసి చూశాను. మొదట రెండు మూడు పెద్ద బుడగలు వచ్చాయి, గుండె ఆగినంత పనైంది. మేస్త్రీ "అది లోపల నిలిచిన గాలి, ఉండు" అన్నాడు. నాలుగు నిమిషాలకి ఆగిపోయాయి. నీళ్లు నిశ్చలంగా, ఆకుపచ్చగా, టార్చి వెలుతురు అందులో కదలకుండా కనపడింది. రేస్ ఇస్తే మట్టం కొంచెం కదిలిందే గానీ ఒక్క బుడగ లేదు. కాసేపటికి థర్మోస్టాట్ తెరుచుకుని పై పైపు చేతికి వెచ్చగా తగిలింది. నొక్కితే మెత్తగా ఉంది.

వారం సగం లోడుతో తోలాను. మొన్న ప్యాకింగ్ కవరు మీద ఉన్నట్టే చేయించి బోల్టులు మళ్లీ బిగించారు, టాపెట్లు పెట్టారు. నిన్న మధ్యాహ్నం ఒంటి గంటకి అదే పిడుగురాళ్ల రోడ్డు మీద, ఫుల్ లోడు మీద వచ్చాను. ముల్లు మధ్యలో నిలబడింది. పోయినసారి ఆపిన చోట కావాలనే ఆపి, పైపు పట్టుకుని చూసుకుని బయల్దేరాను.

పుస్తకంలో పదకొండు రోజుల మట్టం రాశాను. మొదటి రెండు రోజులు కొంచెం తగ్గింది, తొమ్మిది రోజులుగా గీత కదల్లేదు. ఇంజన్ బాగైన సంగతి అమ్మకి చెబితే బండి దగ్గరికి వచ్చి, బంపర్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది.

మేస్త్రీ గారూ, ఎప్పుడైనా విజయవాడ లోడు పడితే ఆటోనగర్‌లో మిమ్మల్ని కలిసి వెళ్తాను. మీ షెడ్డు ఏ రోడ్డులోనో చెప్పండి.

ఆటోనగర్ మేస్త్రీ, విజయవాడ

నీకు విడిగా మెసేజ్ పెట్టాను బాబూ. వచ్చేటప్పుడు ఆ పాత ప్యాకింగ్ తీసుకురా. నా దగ్గర కొత్తగా పని నేర్చుకుంటున్న పిల్లలు ఇద్దరున్నారు, ఆ మసి చార వాళ్లకి చూపించాలి.